బతుకమ్మ పోయినంక పెరటి కోళ్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

దసరా పోయి దీపావళి దగ్గర పడ్తుందంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తయి. ఒకటేమో "అక్కా, పెట్టలు గుడ్లు పెడ్తలేవు, ఈకలన్నీ ఊడిపోతున్నయి, ఇగ కోసుకుందుమా" అని. రెండోది "అక్కా, రెండు కోళ్లు మూలకు కూసొని కునుకుతున్నయి, చలికాలం వస్తుంది కదా గట్లనే ఉంటయని చూస్తున్నం" అని. మొదటి కోడికి ఏ రోగం లేదు, దాన్ని కోస్తున్నరు. రెండోదానికి ప్రాణం మీదికొచ్చింది, దాన్ని చూసుకుంట కూసుంటున్నరు. నేను పరకాల దిక్కు పెరట్ల నాటుకోళ్లు, కొన్ని గ్రామప్రియ (పెరటి కోసం తయారుచేసిన గుడ్ల రకం) పెట్టలు సాదుకుంటున్న, చుట్టుపక్కల ఊర్లకు పిల్లలు అమ్ముత, టీకాల రోజు పశువుల దవాఖానోళ్లతోటి ఇండ్లు తిరుగుత. ఈ రెండు కోళ్లకు తేడా తెలిస్తే చాలు ఈ మూడు నెలలల్ల సగం నష్టం ఆగుతది, అందుకే ఇది రాస్తున్న.

అపోహ: ఈకలు రాల్చి గుడ్లు ఆపిందంటే ఆ పెట్ట పని అయిపోయినట్టే

అస్సలు కాదు. ఏడాది దాటిన పెట్ట ఏటా ఒకసారి పాత ఈకలు రాల్చి కొత్తవి కట్టుకుంటది, మన దగ్గర ఎక్కువగ ఈ వానలు తగ్గి పొద్దు తగ్గే టైంలనే. కోడికి గుడ్డు పెట్టుమని చెప్పేది వెలుతురు. మంచిగ పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలె, మన వరంగల్ దిక్కు జూన్‌ల పగలు 13 గంటల పైన ఉంటది, డిసెంబర్ వచ్చేసరికి 11 గంటలకు పడిపోతది. దానికి తోడు ఈకలో సుమారు 85 శాతం ప్రొటీనే ఉంటది, ఒళ్లంత కొత్త ఈక కట్టుకునుడు, రోజూ గుడ్డు పెట్టుడు రెండు పనులు ఆ ఒంటికి ఒక్కసారే సాగయి, అందుకని గుడ్డు ఆపుతది. రెండు మూడు నెలలు పడ్తది, సంక్రాంతి అటు ఇటుగ మళ్ల ఎక్కుతయి.

ఇంకో ముచ్చట చాలామందికి తెల్వదు, బాగ గుడ్లు పెట్టే పెట్ట సాధారణంగ ఆలస్యంగ ఈకలు రాలుస్తది, కానీ రాల్చినప్పుడు ఒక్కసారే గుప్పుగుప్పున రాలుస్తది, చూస్తే బోడిగ భయమైతది. తక్కువ పెట్టేదేమో ముందుగాల మొదలువెట్టి నెలల తరబడి కొంచెం కొంచెం రాల్చుకుంట పోతది. అంటే గూట్ల అన్నింటికన్నా అన్యాయంగ కనవడే పెట్టనే మీ దగ్గర మేలైన పెట్ట కావొచ్చు, ముందు కత్తికి పోయేది కూడా అదే, నాకు బాధ అక్కడనే.

మరి రోగం కాదని ఎట్ల తెలుస్తది? ఈకలు రాల్చే కోడికి వరుస ఉంటది, తల, మెడ, తర్వాత వీపు రొమ్ము, ఆఖరుకు రెక్కలు తోక. పట్టుకొని చర్మం చూడుండ్రి, రాలిన జాగల్ల సన్నటి పుల్లల్లెక్క కొత్త ఈకలు పొడుచుకొచ్చి ఉంటయి, మొదట్ల నల్లగ నీలంగ ఉంటయి, లోపల రక్తముంటది. (అందుకే ఈ టైంల కోడిని ఊకె పట్టుకోవద్దు, దానికి నొస్తది.) తురాయి జర పాలిపోతది, ముడుచుకుంటది, కానీ మేత చల్లంగనే ఉరికొస్తది. కొత్త ఈకలు లేకుండ వీపు మీద మాత్రమే బోడిగైతే పుంజు తొక్కుడు వల్లనో, పక్క కోళ్లు పొడుచుట్లనో, కోడిపేన్ల వల్లనో అయితది. ముడ్డి చుట్టు ఈకలు విప్పి చూస్తే మొదళ్లకు తెల్లగ పేన్ల గుడ్ల గుత్తులు కనవడ్తయి.

బల్బు పెట్టి మళ్ల గుడ్లు తీద్దామని కొందరు అడుగుతరు. ఇంటి వరకు సాదుకునేటోళ్లు ఆ రెస్ట్ ఇయ్యుండ్రి అనే నేను చెప్త. పెట్టక తప్పదంటే సాయంత్రం కాదు తెల్లారగట్ల పెట్టుండ్రి, రాత్రి ఒక్కసారే బల్బు ఆపితే కోళ్లు ఎక్కే కట్టె దొరకక కిందనే ఆగమైతయి.

అపోహ: మక్కలు దండిగ వేస్తున్నం, ఇంకేం కావాలె

మక్కల్ల ప్రొటీన్ 8, 9 శాతమే ఉంటది, బలమొస్తది కొవ్వొస్తది కానీ ఈక రాదు. ఈకలు కట్టే టైంల కోడికి 16, 18 శాతం ప్రొటీన్ ఉన్న మేత కావాలె. మక్కలు, నూకలు, తౌడుల పల్లిచెక్కనో సోయాచెక్కనో కలుపుండ్రి, ఎండుచేపల పొడి దొరికితే కొంచెం. తిరిగే కోళ్లయితే చెదలు, పురుగులు అవే ఏరుకుంటయి, పెంటకుప్ప దగ్గరికి వాటిని ఇడిసిపెట్టుండ్రి. గుడ్డు పెట్టే పెట్టలకు సున్నపురాయి నూకనో, మంచిగ ఎండవెట్టి దంచిన గుడ్డు పెంకులో వేరే గిన్నెల పెడ్తే వాటికి కావాల్సినంత అవే తింటయి.

దీనికన్నా పెద్ద ఖతర్నాక్ అపోహ "బూజు పట్టిన మక్కలు మనం తినలేం, కోళ్లకైతే ఏం కాదు" అనేది. మన దిక్కు మక్కలు చేతికొచ్చేదే ఈ టైంల, రోడ్ల మీద ఆరబోస్తరు, ఒక్క వాన పడ్తే కుప్ప అడుగున తడిసి పచ్చగ నల్లగ బూజు పడ్తది. మార్కెట్ల కొనరు కాబట్టి ఆ సంచి కోళ్ల దగ్గరికి వస్తది. ఆ బూజుల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడ్తది, అది కోడి లివర్‌ను తింటది, గుడ్లు తగ్గుతయి, రోగాలు తట్టుకునే శక్తి పోతది, టీకా వేసినా సరిగ్గ పనిచేయదు. పిల్లలైతే తొందరగ సస్తయి. కడిగినా, ఎండవెట్టినా, ఉడకవెట్టినా బూజు పోతది గానీ విషం పోదు. పల్లిచెక్కకు గూడ ఇదే బూజు వస్తది, ముక్క వాసన వస్తే వెయ్యకుండ్రి. సంచికి వెయ్యి రూపాయలు పోతయని ఆలోచిస్తరు, పోయే కోళ్ల ఖరీదు లెక్కేసుకోండ్రి.

అపోహ: చలి వస్తుంది, గూడు నలుదిక్కుల పాలిథిన్ కవర్ కట్టాలె

పెద్ద కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటది, ఈకలు పొంగించుకొని కూసుంటే మన ఊరి చలి దానికి లెక్క కాదు. దానికి పడనిది తడి, గాలాడకపోవుడు. గూడంత మూసేస్తే రెట్టల తడి బయటికి పోదు, అమ్మోనియా వాసన పుడ్తది, కండ్లెంబడి నీళ్లు, ముక్కు కారుడు, గురక మొదలైతది. పొద్దున గూడు తలుపు తీసి మొఖం లోపల పెట్టి చూడుండ్రి, మీ కండ్లు మండితే రాత్రంత వాటికి ఎట్లుంటదో అర్థమైతది. కోడి కూసునే ఎత్తు వరకు గాలి నేరుగ తగలకుండ గోనెసంచి కట్టి, పైన జానెడు సందు ఇడిసిపెట్టాలె, సందుకు సన్న జాలి కొట్టాలె లేకపోతే ముంగిస, జంగపిల్లి దూరుతయి. కింద పొడి ఊక వేసి రెండు రోజులకోసారి తిరగేస్తే చాలు.

పిల్లల సంగతి వేరు. మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలె, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంట పోవాలె. థర్మామీటర్ లేకున్నా పిల్లలే చెప్తయి, బల్బు కింద కుప్పవడ్డయంటే చలి, అంచులకు పోయి నోరు తెరిచినయంటే వేడెక్కువైంది.

అపోహ: పొదుగుకు కూసున్న కోడికి ముక్కుల ఈక గుచ్చితే లేస్తది

ఇది ఇప్పటికీ చేస్తున్నరు, దయచేసి బంద్ పెట్టుండ్రి. ముక్కు పుండయితది, శ్వాస సరిగ్గ ఆడదు, చీము పడ్తది. గుడ్లు వద్దనుకుంటే కింద గాలాడే ఇనుప జాలి బోనుల మూడు నాలుగు రోజులు మేత నీళ్లు పెట్టి ఉంచుండ్రి, పొట్ట కింద చల్లగైతే అదే లేస్తది. అసలు నాటుపెట్ట పొదుగుకు కూసునుడు మనకు లాభం, వనరాజ, గ్రామప్రియ లాంటి తయారుచేసిన రకాల పెట్టలు పొదుగుడే తక్కువ, వాటి గుడ్లు గూడ నాటుపెట్ట కిందనే పెట్టుకోవచ్చు. ఉరుముకు గుడ్లు మురిగిపోతయని ఇనుప ముక్క, ఎండు మిరపకాయ పెడ్తరు, పెడ్తే పెట్టుండ్రి, కానీ గుడ్లు చెడేది మురికి పెంకుతోటి, పాత గుడ్లతోటి, తడి గంపతోటి. ఏడో రోజు రాత్రి చీకట్ల ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడు లెక్క కనవడాలె, తెల్లగుంటే తీసేయొచ్చు.

అపోహ: కోళ్లకు అమ్మవారు పోసింది, పిల్లలకు అంటుకుంటది

తురాయి మీద, కండ్ల చుట్టు పొక్కులొచ్చేది కోళ్ల మశూచి, మనుషులకు రాదు. వానల తర్వాత దోమలు మోస్తయి. పొక్కులు గిల్లకుండ్రి, అయొడిన్ రాసి, వేరుగ పెట్టి, నీళ్లు నిల్వకుండ చూసుకోండ్రి, చాలావరకు మూడు నాలుగు వారాలల్ల తగ్గుతది. నోట్ల తెల్లటి పొర కట్టిందంటే మాత్రం డాక్టర్‌కు చూపియ్యాలె.

అపోహ: కొక్కెర తెగులు సీజన్‌కు వస్తది, పోతది, ఎవరేం చేయలేరు

కొక్కెర అంటే రాణీఖేత్, అది వైరస్. ఉత్తరాఖండ్‌ల ఉన్న ఆ ఊర్ల 1920ల చివర్ల బయటపడ్డది కాబట్టి ఆ పేరు. పచ్చటి రెట్ట, మేత ముట్టకపోవుడు, నోరు తెరిచి శ్వాస లాగుడు, రెక్కలు వేలాడేసుడు, కొన్నింటికి మెడ వంకరపోవుడు. పైన చెప్పిన ఫోన్ల కునుకుతున్న కోళ్లు చాలాసార్లు ఇవే. మెడికల్ షాపుల టెట్రాసైక్లిన్ తెచ్చి తాపుతరు, అది బ్యాక్టీరియా మందు, వైరస్‌కు పనిచేయదు. ఎల్లిగడ్డ, పసుపు గూడ దీన్ని ఆపలేవు. వచ్చినంక మందు లేదు, రాకముందు టీకా ఉంది.

ఈ టైంలనే ఎందుకు వస్తదంటే నేను చూసినంత వరకు దసరా అంగడి పెద్ద కారణం. పండుగకు నాలుగు కోళ్లు కొంటరు, మూడు కోస్తరు, మంచిగున్న పుంజును సాదుకుందామని గూట్ల వదుల్తరు, వారం తిరక్కముందే ఈకలు రాల్చి బలహీనంగున్న ఇంటి కోళ్లు పడిపోతయి. కొత్త కోడి ఏదైనా రెండు మూడు వారాలు వేరే జాగల, వేరే గిన్నెలతోటి ఉంచాలె, మేత ముందు మన కోళ్లకు వేసి ఆఖరుకు దానికి వెయ్యాలె. ఇగ రోగమొచ్చిన కోళ్లను సగం ధరకు అమ్ముడు, కోసి పేగులు ఈకలు మోరీల వేసుడు, ఇది ఊరంతటికి చేసే అన్యాయం, కుక్కలు కాకులు వాటిని ఇంటింటికి మోస్తయి. సచ్చిన కోడిని లోతుగ గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలె.

రాణీఖేత్ టీకా వరుస ఇది: పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్ల చుక్క, నాలుగు వారాలకు మళ్ల చుక్క, 8 వారాలు దాటినంక ఆర్2బీ (ఇదే రోగానికి పెద్ద కోళ్లకు వేసే టీకా) సూది. చిన్న పిల్లలకు ఆర్2బీ వెయ్యొద్దు, తట్టుకోలేవు. టీకాకు వారం ముందు నట్టల మందు తాపితే మంచిది. కునుకుతున్న కోడికి టీకా వేసి లాభం లేదు, మంచిగున్నదానికి వేసినా బలం రావడానికి వారం పది రోజులు పడ్తది, కాబట్టి దసరాకు నెల ముందే వేయించుకోవాలె.

"నా దగ్గర ఉన్నయే పది కోళ్లు, నాకెవరు వేస్తరు" అంటరు. సీసా వంద కోళ్లకు సరిపోను వస్తది, కలిపినంక రెండు గంటలల్ల వాడాలె, ఒక్క ఇంటి కోసం విప్పితే మిగిలింది పారబోసుడే. వాడకట్టుల పది ఇండ్లు కలిసి పశువుల దవాఖానల ముందు రోజు చెప్పుకోండ్రి, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంల అడిగినా సలహా చెప్తరు. సీసా తెచ్చేటోళ్లు థర్మాస్‌ల ఐస్ వేసుకొని తేవాలె, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె, బండి డిక్కీల వేసుకొని వస్తే అది నీళ్లతోటి సమానం. ఆ రోజు తెల్లారకముందు కోళ్లను గూటి నుంచి వదలకుండ్రి, ఒక్కసారి బయటవడ్డయంటే రెండు గంటలల్ల వాడకట్టంత పట్టుడు ఎవరితోటి కాదు.