జానపదమే కదా, ఎవరడుగుతారు?

పోయిన నెల ఒక తమ్ముడు మా స్టూడియోకి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. బరాత్‌లకు డీజే కొడతాడు. మూడేళ్లు కష్టపడి పెంచుకున్న యూట్యూబ్ ఛానెల్ ఒక్క సాయంత్రంలో పోయింది. మూడు రీమిక్స్ వీడియోలు, మూడు కాపీరైట్ స్ట్రైక్‌లు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే హెచ్చరికే స్ట్రైక్. వాటిలో ఒకదానికి అప్పు చేసి మరీ డాన్సర్లను పెట్టి షూట్ చేయించాడు. ఫోన్‌లో ఆ మెయిల్ చూపిస్తుంటే చెయ్యి వణుకుతోంది.

"అన్నా, అవి సినిమా పాటలు కూడా కావు. జానపదాలు. మా అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడేది. వాటికి కాపీరైట్ ఏందన్నా?"

పద్దెనిమిదేళ్లుగా మిక్సింగ్ చేస్తున్నాను. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. తెలియక పోగొట్టుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పిల్లలే, అందుకే రాస్తున్నాను.

అపోహ: జానపదం ఎవరి సొత్తూ కాదు. దాన్ని రీమిక్స్ చేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

వాస్తవం: ఇందులో సగమే నిజం, ముంచేది మిగతా సగం. తరతరాలుగా వస్తున్న బాణీ మీద, పదాల మీద ఎవరికీ హక్కు లేదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు డౌన్‌లోడ్ చేసుకుంది బాణీని కాదు తమ్ముడూ, ఒక రికార్డింగ్‌ని. పాట వేరు, రికార్డింగ్ వేరు. మన 1957 కాపీరైట్ చట్టం సౌండ్ రికార్డింగ్‌ని పాట నుంచి విడదీసి చూస్తుంది. దాని హక్కు రికార్డింగ్ చేయించిన నిర్మాతది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు ఉంటుంది. అందులోని ముక్కతో ఇంకో రికార్డింగ్ తయారుచేసే హక్కూ ఆ యజమానిదే. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కులు మళ్లీ వేరే ఉన్నాయి.

ఇంకో సంగతి. జానపదం అని పేరు పెట్టినవన్నీ జానపదాలు కావు. చాలా పాటలు మొన్నమొన్న రాసినవే. రాసినాయన మన మధ్యే తిరుగుతుంటాడు, ఆయన పేరు డిస్క్రిప్షన్‌లో ఉంటుంది. అది చదివేంత ఓపిక కూడా లేకపోతే ఎలా?

"ఎవరడుగుతారు" అనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. బరాత్ నుంచే. పెళ్లి ఊరేగింపులో పాట పెడితే నిజంగానే ఎవరూ అడగరు. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లికి సంబంధించిన సంబరాల్లో రికార్డింగ్ వినిపించడం ఉల్లంఘన కాదని చట్టంలో 52వ సెక్షనే చెబుతోంది. ఏళ్ల తరబడి రోడ్డు మీద కొట్టి, ఎవరూ ఆపకపోయేసరికి అదే అలవాటైపోతుంది. ఆ మినహాయింపు పాట వినిపించడానికే. రికార్డింగ్‌ని కోసి, బీట్ తగిలించి, నీ పేరుతో విడుదల చేయడానికి కాదు. బరాత్‌లో చెల్లింది ఛానెల్‌లో చెల్లదు.

రికార్డింగ్‌లో ఏముంటుంది, నాలుగు గంటల పనే కదా అంటారు. ఒక రాత్రి సంగతి చెబుతాను. ఐదుగురు డప్పు కళాకారులు, ఒక గాయని ఊరి నుంచి వచ్చారు. డప్పు తోలు మంట మీద కాస్తేనే బిగుస్తుంది, అప్పుడే ఆ మోత పలుకుతుంది. మా ఏసీ గదిలోకి తెచ్చిన కాసేపటికే తోలు వదులైపోయింది. మొదటి చరణంలో ఖంగుమన్న దెబ్బ రెండో చరణానికి మెత్తబడింది. హెడ్‌ఫోన్స్‌లో వింటే రెండూ రెండు వేరే వాయిద్యాల్లా ఉన్నాయి. ఏసీ ఆపేశాం. ప్రతి టేక్‌కి ముందు వాళ్లు సందులోకి వెళ్లి, పాత పేపర్లు కాల్చి డప్పులు కాచుకుని, పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చేవాళ్లు. పదకొండు టేకులు. గాయని గొంతు తొమ్మిదో టేక్‌లోనే అలసిపోయింది. పదకొండోది ఓకే అయ్యేసరికి తెల్లవారుజామున నాలుగు. వినేవాళ్లకు అది నాలుగున్నర నిమిషాల పాట.

రెండు నెలలకు అదే పాట మా వీధిలో బరాత్‌లో విన్నాను. ఆ గొంతే, ఆ డప్పే, కింద కొత్తగా డ్రమ్ మోత. పాట నడుమ నాలుగుసార్లు డీజే పేరు పలికింది. ఇంటికెళ్లి వెతికితే ఆ రీమిక్స్ వీడియోలో గాయని పేరే లేదు. ఆమె ఫోన్ చేసి, "అన్నా, నా పాటే కదా అది?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. జానపదం ఎవరిదీ కాదని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆ ఫోనే గుర్తొస్తుంది.

అపోహ: రీమిక్స్ అంటే బాస్ పెంచి తీన్మార్ బీట్ వేయడమే.

వాస్తవం: బీట్ జోడించడం కన్నా ముందు రీమిక్స్ అంటే తీసేయడమే. 1960ల చివర్లో జమైకాలో ఒక సౌండ్ సిస్టమ్ (డాన్సుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేసే సెటప్) యజమానికి డిస్క్ కట్ చేసి ఇస్తూ ఇంజనీర్ గొంతు ట్రాక్ వదిలేశాడు. పొరపాటున వదిలేశాడనే చెబుతారు. ఆ డిస్క్ వేస్తే జనమే పాట అందుకున్నారు. అక్కడే కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ మిక్సింగ్ బోర్డునే వాయిద్యంగా మార్చుకున్నాడు. గొంతు ఒక్క ముక్క వినిపించి మాయం చేసేవాడు, డ్రమ్స్‌ని ఎకోలో ముంచేవాడు. దాన్నే డబ్ అన్నారు. న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే మిక్సర్ 1970ల్లో డాన్స్ ఫ్లోర్ కోసం పాటల్ని సాగదీసి, మధ్యలో తాళం మాత్రమే మిగిల్చే బ్రేక్‌లు పెట్టాడు. ఒకసారి ఏడంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. పెద్ద డిస్కు మీద కట్ చేస్తే గాడులు విశాలంగా పడి శబ్దం గట్టిగా వచ్చింది. పన్నెండంగుళాల సింగిల్‌కి దారి అలా పడింది. 1976లో డీజే వాల్టర్ గిబ్బన్స్ చేసిన 'టెన్ పర్సెంట్' మిక్స్ దాదాపు పది నిమిషాలు ఉంటుంది. మామూలు జనానికి కొట్లలో దొరికిన మొదటి పన్నెండంగుళాల సింగిల్‌గా దానికి పేరు. ఆ రోజుల్లో ఈ మిక్సులకు మాస్టర్ టేపులు ఇచ్చి పని చేయించుకున్నది సాధారణంగా ఆ పాటల కంపెనీలే. దొంగచాటు పనిగా పుట్టిన కళ కాదిది.

అపోహ: సినిమావాళ్లు చేస్తే లేని తప్పు మేం చేస్తే ఎందుకు?

వాస్తవం: 'మగధీర'లో బంగారు కోడిపెట్ట వినండి. 'ఘరానా మొగుడు'లోని 1992 నాటి రికార్డింగ్‌ని అందులో అతికించలేదు, మళ్లీ పాడించి, మళ్లీ వాయించి రికార్డు చేశారు. రెండింటికీ సంగీత దర్శకుడు కీరవాణిగారే. మనం వాడుకలో రీమిక్స్ అంటాం గానీ అది రీక్రియేషన్. దానికీ బాణీ, సాహిత్యం హక్కులు కావాలి. "నేనే మళ్లీ పాడించాను, కాబట్టి నాది" అనుకుంటే అదీ తప్పే. కవర్ వెర్షన్లకు, అంటే ఉన్న పాటనే మళ్లీ పాడి రికార్డు చేయడానికి, అదే చట్టంలోని 31సి సెక్షన్ ఒక దారి ఇచ్చింది. మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక అయిదేళ్లు గడవాలి, రాయల్టీ ముందే కట్టాలి, అదీ కనీసం 50,000 కాపీల లెక్కన. పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మార్పులు చేయకూడదు. పాట ఆపి ఒక్కసారిగా బీట్ దించే డ్రాప్‌లు పెట్టుకోవడానికి పనికొచ్చే దారి కాదిది.

అపోహ: పాత పాటలకు హక్కులుండవు.

వాస్తవం: లెక్క వేసుకోవాలి. 'మాయాబజార్' 1957లో వచ్చింది, ఆనాటి రికార్డింగ్‌కి 60 ఏళ్లు 2017తో పూర్తయ్యాయి. కానీ సాహిత్యం రాసిన పింగళిగారు కన్నుమూసింది 1971లో. రచయిత జీవితకాలం తర్వాత 60 ఏళ్లు, అంటే 2031 చివరిదాకా ఆ మాటలకు హక్కుంది. బాణీ లెక్క మళ్లీ వేరు. పైగా ఆ సినిమా 2010లో రంగుల్లో వచ్చినప్పుడు శబ్దాన్నీ కొత్తగా తీర్చిదిద్దారు. నువ్వు దించుకున్న ఫైల్ ఏ కాలందో ముందు చూసుకో.

అపోహ: పది సెకన్లు, ముప్పై సెకన్ల లోపైతే ఫర్వాలేదు. క్రెడిట్ ఇస్తే చాలు. పిచ్ మారిస్తే దొరకం.

వాస్తవం: సెకన్ల లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. అమెరికాలో 2005లో ఒక కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్కకే లైసెన్స్ కావాలంది. 2016లో ఇంకో కోర్టు సెకనులో పావు వంతు కూడా లేని ముక్క విషయంలో దానికి ఎదురు తీర్పు ఇచ్చింది. అక్కడే తేలని విషయాన్ని వాట్సాప్ మెసేజ్ తేల్చేస్తుందా? క్రెడిట్ ఇవ్వడం మర్యాద, అది అనుమతి కాదు. పిచ్ మార్చినా పట్టుకుంటున్నారు, ఈ ప్రయత్నాలు మానండి.

అపోహ: క్లెయిమ్ వచ్చిందంటే పోలీస్ కేసే.

వాస్తవం: కాదు, టెన్షన్ పడకండి. పాటను యూట్యూబే ఆటోమేటిక్‌గా గుర్తుపడితే వచ్చే కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే చాలాసార్లు ఆ వీడియో మీది ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్తుంది, అంతే. ఛానెల్‌ని ముంచేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే పోతుంది. మొదటి స్ట్రైక్ పడగానే మిగతా అలాంటి వీడియోలు మీరే తీసేయండి. తర్వాత స్ట్రైక్ వేయించిన హక్కుదారుకు ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడండి. వెనక్కి తీసుకునే అధికారం ఆయన చేతిలో ఉంటుంది. ఈ తమ్ముడు ఆ ఫోన్ చేయకుండా, బెదిరించి డబ్బు లాగుతారని ఎవరో చెప్పింది విని ఊరుకున్నాడు.

అపోహ: ఏఐతో గొంతు విడదీస్తే అది మన ట్రాక్.

వాస్తవం: పాటలోంచి గొంతుని, వాయిద్యాల్ని విడదీసే స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్ 2019లో ఉచితంగా వచ్చినప్పటి నుంచి ఇదే మాట. విడదీసినా అది ఆ రికార్డింగ్‌లోని గొంతే. మన పాటల్లో ఇంకో ఇబ్బంది ఉంది. డప్పు దెబ్బ, పదంలోని 'ట', 'క' లాంటి అక్షరాలు రెండూ ఒకేసారి పడతాయి. విడదీస్తే అక్షరం అంచు అరిగిపోతుంది. పెద్ద బాక్సుల్లో అది వెంటనే తెలిసిపోతుంది.

ఆ తమ్ముడిని అడిగాను: "అమ్మమ్మ పాడేదన్నావు కదా, ఇప్పుడు ఇంట్లో ఎవరికి వచ్చు?" తర్వాతి ఆదివారం వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆమె హెడ్‌ఫోన్స్ వద్దంది, తాళం తప్పకుండా వినిపించే క్లిక్ పెట్టనివ్వలేదు. కళ్లు మూసుకుని పాడింది. టెంపో కొలిస్తే నిమిషానికి 92 దరువుల దగ్గర మొదలై 97 దగ్గర ముగిసింది. వాడు మొత్తం 95కి లాగేద్దామన్నాడు. వద్దన్నాను. ఇద్దరం కూర్చుని ఒక్కో దరువుకి టెంపో మార్కర్ పెట్టుకుంటూ బీట్‌నే ఆమె వెనక నడిపించాం. ఆ పని ఒక్కటే రాత్రి పదకొండు దాకా పట్టింది.