సిరిమాను రోజు ఎస్పీ గారు ఏం చేస్తారు?

విజయనగరం

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు కదా, "తాతయ్యా, ఎస్పీ గారంటే దొంగల్ని పట్టుకోవాలి గానీ, సిరిమాను రోజు రోడ్డు మీద ఎందుకు నిలబడతారు?" అని. కానిస్టేబుల్‌గా ఆ బందోబస్తు చాలా ఏళ్లు చేసినవాణ్ణి. కాస్త కూర్చుని రాయాలనిపించింది.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడులాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పొడవాటి చింతమాను, దాని కొసన పూజారి, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం. చూడటానికి లక్షల మంది వస్తారు. దారి మాత్రం ఆ పాత దారే.

గుంపులో ప్రమాదం ఎలా వస్తుందో చెప్తాను. ముందువరసలో ఎవరో కాలు జారి పడతారు. వెనకవాళ్లకి అది కనపడదు. అమ్మవారు దగ్గరికొచ్చిందని ఇంకో అడుగు వేస్తారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా ముందున్నవాళ్లకి ఊపిరాడదు. వెనకవాళ్లకి కనపడనిది ఎవరో ఒకరు చూస్తుండాలి. జిల్లాలో ఆ బాధ్యత ఎస్పీ గారిది.

ఆ రోజు చేసేదాని కంటే ముందు చేసేదే ఎక్కువ. ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు పోవాలో నిర్ణయించే అధికారం 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 పోలీసులకు ఇచ్చింది. బళ్లు ఊరి బయట ఎక్కడ ఆపాలి, జనం ఏ సందులోంచి రావాలి, ఏ సందులోంచి పోవాలి, మాను చుట్టూ తాడు పట్టుకుని జనాన్ని ఆపే రోప్ పార్టీలో ఎంతమంది పోలీసులు ఉండాలి, అన్నీ ముందే తేలాలి. 108 కోసం ఒక సందు ఖాళీగా ఉంచాలి.

ఒక ఏడు ఆ సందు దగ్గర నా డ్యూటీ. ఒక ముసలమ్మ అరటిపండు పట్టుకుని, "అమ్మవారి మీద విసిరి వచ్చేస్తాను బాబూ, ఒక్క నిమిషం" అని బతిమాలింది. వదల్లేదు. ఏడ్చింది. ఆ రోజు 108 రానేలేదు. అయినా సందు ఖాళీగా ఉంచడమే సరైన పని. ఆమె ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

రోడ్డు మీదా ఇంతే. లారీని దాటబోయేవాడికి అవతల వచ్చే బండి కనపడదు. ట్రాఫిక్ కూడా ఎస్పీ గారి పనిలోదే ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

పెద్దోడా, నీకు పదహారేళ్లు. నాన్న బండి తాళం అడుగుతున్నావట. 2019లో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 199ఎ చేర్చారు. లైసెన్సు వయసు రాని పిల్లలు బండి తోలి పట్టుబడితే నాన్నకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. నాకు జరిమానా కన్నా నీ తల ముఖ్యం. నాన్న వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకో.

పండక్కి రైల్లోనే రండి. స్టేషన్ దగ్గర నేనుంటాను, అక్కడినుంచి నడుద్దాం. చిన్నోడి జేబులో నా ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టమని అమ్మకి చెప్పండి.

మీ తాతయ్య