‘మీరు సాధించిన గొప్ప విజయం ఏది?’: అపోహలు, వాస్తవాలు

క్యాంపస్ సెలక్షన్ అయినా, పదేళ్ల అనుభవం ఉన్నవారి ఇంటర్వ్యూ అయినా, హెచ్‌ఆర్ రౌండ్‌లో ఈ ప్రశ్న వస్తుందనే అనుకోండి. కోడింగ్ రౌండ్ సునాయాసంగా దాటినవారు కూడా ఇక్కడ నీళ్లు నములుతుంటే బాధేస్తుంది. ముందురోజు ఒక గంట కూర్చుంటే తేలిపోయే పని ఇది.

అపోహ: చెప్పుకోదగ్గ పెద్ద విజయం ఉంటేనే జవాబు చెప్పగలం.

వాస్తవం: అడిగేవారు విజయం సైజు కొలవరు. సమస్యను మీరే గుర్తించారా, ఏం చేయాలో మీరే తేల్చుకున్నారా, తప్పు జరిగితే ఎలా దిద్దుకున్నారు అన్నవే చూస్తారు. ఒక ఫ్రెషర్ ఇలా చెప్పాడనుకుందాం:

“మా నాన్నగారి మెడికల్ షాపులో గడువు దాటిన మందుల వల్ల నెలకు సుమారు 4,000 రూపాయలు నష్టం వచ్చేది. 600 రకాల మందుల బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు ఎక్సెల్‌లో ఎక్కించాను. మొదట తేదీలను టెక్స్ట్‌గా కొట్టడంతో వరుస తప్పింది. వాటిని డేట్ ఫార్మాట్‌లోకి మార్చి, గడువుకు 90 రోజుల ముందే ఆ మందు ఉన్న అడ్డువరుస ఎర్రబడేలా పెట్టాను. అలాంటి మందులను డిస్ట్రిబ్యూటర్‌కు వెనక్కి పంపడం మొదలయ్యాక, ఆరు నెలల్లో నష్టం నెలకు 1,000 లోపుకు వచ్చింది.”

ఇందులో అవార్డు లేదు, సర్టిఫికెట్ లేదు. అయినా ఇది బలమైన జవాబు. ముఖ్యంగా ఆ తేదీల పొరపాటు చూడండి. పని చేసినవాడికి తప్ప అది తెలియదు. చాలామంది ఇలాంటి ముక్కనే పరువు తక్కువని దాచేస్తారు. దయచేసి దాచకండి.

అపోహ: ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు, పదో తరగతి మార్కులు చెబితే చాలు.

వాస్తవం: అవి రెజ్యూమెలో ఉన్నవే. వాటి మీద అడగడానికి రెండో ప్రశ్న ఉండదు. మొదటిసారి రాక, చదివే పద్ధతి మార్చుకుని రెండోసారి సాధించి ఉంటే మాత్రం, ఏం మార్చారో చెప్పండి.

అపోహ: ‘మేము చేశాం’ అనడం వినయం, ‘నేను చేశాను’ అంటే గొప్పలు పోయినట్టు.

వాస్తవం: మన ఇళ్లలో నేర్పిన మర్యాద అది, మంచిదే. కానీ ఎదుటివారు మార్కులు వేయాల్సింది మీకు, మీ టీమ్‌కు కాదు. టీమ్ గురించి ఒక్క వాక్యం చాలు: “నలుగురం కలిసి చేశాం. డేటాబేస్ డిజైన్, టెస్టింగ్ నావి.” అక్కడి నుంచి క్రియలన్నీ మీవే ఉండాలి: అడిగాను, మార్చాను, పరీక్షించాను.

హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్న ఫైనలియర్ ప్రాజెక్టును సొంత విజయంగా చెప్పే ధైర్యం మాత్రం చేయకండి. “ఈ టేబుల్‌లో ప్రైమరీ కీ ఏది, అదే ఎందుకు?” అన్న ఒక్క ప్రశ్నకు మొత్తం బయటపడుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలనూ అనుమానిస్తారు. సివిల్స్ ఇంటర్వ్యూ అయిన పర్సనాలిటీ టెస్టులోనూ అంతే. అక్కడ ఉన్నది 275 మార్కులు. దరఖాస్తులో రాసుకున్న ఏ బహుమతి మీదైనా ప్రశ్న రావచ్చు.

అపోహ: స్టార్ పద్ధతి పాటిస్తే జవాబు దానంతటదే కుదురుతుంది.

వాస్తవం: పరిస్థితి (Situation), బాధ్యత (Task), చర్య (Action), ఫలితం (Result) అన్న ఈ స్టార్ (STAR) వరుస మంచిదే. దెబ్బతినేది పాళ్ల దగ్గర. కాలేజీ ఎక్కడుంది, ప్రాజెక్టు ఎలా వచ్చింది అంటూ నిమిషంన్నర గడిపేసి, అసలు చేసిన పనిని రెండు ముక్కల్లో ముగిస్తారు. మొత్తం జవాబు రెండు నిమిషాలు దాటకూడదు. పరిస్థితికి 20 సెకన్లు, బాధ్యతకు 10, మీరు చేసిన పనికి 60, ఫలితానికి 20. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ సాగదీస్తున్నారో తెలిసిపోతుంది. మాటకు మాట బట్టీ పట్టొద్దు, మధ్యలో ఎవరైనా ఆపితే దారి తప్పుతారు. నాలుగు భాగాలకూ ఒక్కో గుర్తుమాట రాసుకోండి.

అపోహ: ఏదో ఒక శాతం చెబితే జవాబుకు బరువు వస్తుంది.

వాస్తవం: “30 శాతం మెరుగైంది” అనగానే వచ్చే ప్రశ్న “ముందు ఎంత? ఎలా కొలిచారు?” అని. మొదటి అంకె, చివరి అంకె, పట్టిన కాలం ఈ మూడూ చెప్పగలిగితేనే శాతం వాడండి. లెక్క లేని పనైతే మారిన తీరు చెప్పండి: “తయారీకి నాలుగు గంటలు పట్టే సోమవారం రిపోర్టు ఇప్పుడు పొద్దున పదింటికల్లా మేనేజర్ చేతిలో ఉంటోంది.”

అనుభవజ్ఞులకు ఇంకో జాగ్రత్త. పాత కంపెనీ క్లయింటు పేరు, అమ్మకాల అంకెలు యథాతథంగా చెప్పకండి. “ఒక బీమా సంస్థ” అనండి, రూపాయల బదులు నిష్పత్తి చెప్పండి. పాత రహస్యాలు ఇక్కడ చెప్పేవారు రేపు తమ రహస్యాలూ బయట చెబుతారని కొత్త కంపెనీవాళ్లు వెంటనే లెక్కేసుకుంటారు.