రెక్క మీద తెల్ల చుక్కలు

మన పెరట్లో పికిలిపిట్టను గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. నల్లటి తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. పైగా కరెంటు తీగ మీద కూర్చుని, నన్ను చూడండి అన్నట్టు అరుస్తుంది.

ఆఫ్రికా అడవుల్లో దీని చుట్టాలున్నాయి. గ్రీన్‌బుల్ అంటారు. వాటితోనే చిక్కు. వీపు మాసిన ఆకుపచ్చ, పొట్ట పాలిపోయిన పసుపు. నీడపట్టున, వేరే పిట్టల గుంపుల్లో కలిసి తిరుగుతాయి. బైనాక్యులర్ ఎత్తేలోపే ఆకుల వెనక్కి జారుకుంటాయి. ఇక్టరిన్ గ్రీన్‌బుల్‌కీ, జేవియర్స్ గ్రీన్‌బుల్‌కీ రంగులో తేడా దాదాపు లేదు. రెండోది కాస్త పెద్దది, అంతే. కూత వింటే తప్ప ఏది ఏదో తేలదు.

అలాంటి గుంపులో ఒక పిట్ట రెక్క మీద తెల్ల చుక్కలు కనిపిస్తే? 1980ల మొదట్లో తూర్పు లైబీరియాలోని కవల్లా అడవిలో జర్మన్ పక్షి శాస్త్రవేత్త వుల్ఫ్ గాటర్‌కు అదే జరిగింది. అలాంటి పిట్టలు కొన్నిసార్లు కంటపడ్డాయి. 1984లో ఒకటి చేతికి చిక్కింది. మిగతా ఒళ్లంతా ఇక్టరిన్ గ్రీన్‌బుల్‌లాగే ఉంది, రెక్క ఈకల చివర్ల దగ్గర చుక్కలు తప్ప. 1985లో దాన్ని లైబీరియన్ గ్రీన్‌బుల్ అనే కొత్త జాతిగా ప్రకటించారు. ఆయన్ను తప్పుపట్టలేం. ఇంత ఒకేలా ఉండే పిట్టల్లో చుక్క అంటే పెద్ద ఆనవాలే.

తర్వాత ఆ దేశంలో అంతర్యుద్ధాలు. 2010లో, 2013లో వెళ్లి వెతికినా పిట్ట జాడ లేదు. అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న పక్షుల జాబితాలో చేరింది. లోకంలో ఉన్న నమూనా ఆ ఒక్కటే.

చివరికి దాని డీఎన్ఏనే అడిగారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ కొలిన్సన్ బృందం పరీక్షించింది. గ్రీన్‌బుల్ జాతుల మధ్య డీఎన్ఏ తేడాలు మామూలుగా స్పష్టంగానే ఉంటాయి. దీనికీ ఇక్టరిన్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. 2017లో ఫలితం బయటికొచ్చింది: ఇది బహుశా చుక్కలు పడ్డ ఇక్టరిన్ గ్రీన్‌బులే. ఈకలు మొలిచే రోజుల్లో సరైన తిండి లేక అక్కడ రంగు పట్టకపోయి ఉండొచ్చని వాళ్ల ఊహ.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. డీఎన్ఏ చెప్పింది ఆ ఒక్క పిట్ట గురించి. మరి అంతకుముందు అడవిలో కనిపించిన చుక్కల పిట్టల మాటేమిటి? తిండి కరువు ఒకే చోట చాలా పిట్టలకు వచ్చిందా, లేక ఆ ఒక్క పిట్టే పదే పదే కంటపడిందా?