ఆర్డర్ మీద స్కేల్ మోడల్స్: "ఫొటోలు తర్వాత పంపిస్తాలెండి" అనేవాళ్ల కోసం

అపోహ: "కిట్ కొనేశాను, మీరు మొదలుపెట్టెయ్యండి. ఫొటోలు తర్వాత పంపిస్తా."

అసలు బండ్లకి చిన్న నమూనాలు చేసిచ్చే పని నాది. కిట్ అంటే అతికించి రంగు వెయ్యాల్సిన ప్లాస్టిక్ విడిభాగాల పెట్టె. ఈ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. మా పనిలో కస్టమర్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ఒకాయన వాళ్ల నాన్నగారి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చేయించుకోవాలని వచ్చారు. 1/24 కిట్, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు పొడవుది, ఆయనే తెచ్చారు. బీటిలే కదా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అడగకపోవడం నా తప్పే. ప్రైమర్ (రంగు కింద వేసే పూత) అయింది, మూడు పూతల రంగు అయింది, పాలిష్ కూడా అయింది. అప్పుడొచ్చింది పాత ఆల్బమ్‌లోంచి ఒక ఫొటో. కారుకి ఆనుకుని నాన్నగారు, ఆయన మోచేతి పక్కన కారు వెనక కిటికీ అద్దం. కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కిట్‌లో ఉన్నదేమో వెడల్పాటి నాలుగు మూలల అద్దం.

పైకి చూస్తే బీటిల్ దశాబ్దాల పాటు ఒకటే కారు. కానీ 1953 మార్చి దాకా వెనక అద్దం రెండు ముక్కలు. అక్కణ్ణుంచి 1957 మధ్య దాకా కోడిగుడ్డు, ఆ తర్వాతే పెద్ద అద్దం. ఆ ఫొటో ముందే చూసి ఉంటే వేరే కిట్ వెతికేవాళ్లం. ఇప్పుడు రంగంతా ఊడదీసి, అద్దం చుట్టూ ప్లాస్టిక్ షీట్ అతికించి, పుట్టీ పెట్టి, శాండింగ్ చేసి ఆ వంపు తెప్పించాలి. పుట్టీ ఆరాక కాస్త కుంగుతుంది, మళ్లీ పెట్టాలి. మొదటి పని కంటే ఈ రిపేరుకే ఎక్కువ రోజులు పట్టాయి. అదనపు ఖర్చు చెరి సగం వేసుకున్నాం.

వాస్తవం: మోడల్ పేరు చెబితే సరిపోదు. ఏ సంవత్సరం, ఏ వెర్షన్, మీకు కావలసిన ఆ ఒక్క బండి ఎలా ఉండేది, ఇవి ముందు తేలాలి. విమానమైనా ఓడైనా అంతే. ఫొటోలు ముందు, కిట్ తర్వాత.

"మా దగ్గర ఒక్కటే ఫొటో ఉందండీ, అదీ బ్లాక్ అండ్ వైట్" అని కుంచించుకుపోతూ చెప్పేవాళ్లుంటారు. అస్సలు బాధపడకండి. మసకగా ఉన్నా, సగమే పడినా, అద్దం, బంపర్, వీల్ క్యాప్‌లు కనిపిస్తే చాలా పని జరుగుతుంది. రంగు మాత్రం అందులోంచి ఊహించమనకండి. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌లో ఎర్రటిది నల్లగా పడుతుంది. ఆ బండి ఎక్కి తిరిగినవాళ్లను అడగండి.

అసలు కారు పెయింటే కొడితే అచ్చం అలాగే వస్తుందంటారు. రాదు. చిన్న బొమ్మ మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది, కాస్త లేతగా చేయాలి. మెటాలిక్ పెయింట్ అయితే అందులోని మెరుపు రేణువులు 1/24 బానెట్ మీద చెమ్కీలు చల్లినట్టుంటాయి.

సైజు సగమైతే రేటూ సగమేనా? 1/24 బీటిల్ దాదాపు 17 సెంటీమీటర్లు, 1/48 అయితే ఎనిమిదిన్నర. ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, కానీ వైపర్లు రెండూ అలాగే ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. వాటిని పట్టకారుతో పట్టుకుని ఊపిరి బిగబట్టేది నేను.

3డి ప్రింటర్ ఉంటే రాత్రికి రాత్రే అయిపోతుందట. పొరల గీతలు, ప్రింట్ అయ్యేటప్పుడు ఆసరాగా ఉండే సపోర్టుల మచ్చలు ఎవరు గీకుతారు?

"శనివారానికి కావాలి" అన్నదానికి ఒక్కసారి లొంగాను. ఎనామెల్ పెయింట్ చేతికి అంటకపోయినంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు, దానికి రోజులు పడుతుంది. తెలిసే బబుల్ రాప్ చుట్టి పంపాను. పెట్టె విప్పేసరికి బానెట్ నిండా గుండ్రటి అచ్చులు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను.

ఇక మోడల్స్ చేసేవాళ్లు అడ్వాన్స్ తీసుకుని మాయమైపోతారన్న భయం. ఎవరో ఎవరికో చెప్పిన కథలు విని అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఒళ్లు మండుతుంది. కానీ డబ్బు కట్టి ఎదురుచూసేవాళ్ల గుబులు నాకు తెలుసు. మొత్తం ఒకేసారి ఇవ్వకండి, దశలవారీగా ఇవ్వండి. ప్రతి దశకీ ఫొటో అడగండి, విసుక్కునేవాడికి పని ఇవ్వకండి. ముఖ్యంగా ప్రైమర్ పడకముందు, ప్లాస్టిక్ ఇంకా ప్లాస్టిక్‌లా కనిపిస్తున్నప్పుడు ఒక ఫొటో తెప్పించుకుని మీ పాత ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. కారైతే వెనక నుంచి కూడా తియ్యమనండి.