ముక్కు పైకెత్తిన కారు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ పెదనాన్న నన్ను ఇక్కడ ఒహాయోలో పాత కార్ల ప్రదర్శనకు తీసుకువెళ్లాడు. నేను పంపిన ఫొటో చూసి, "ముందు వైపు జాకీ తీయడం మరిచిపోయారా తాతయ్యా?" అని అడిగారు కదా. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. అందుకే ఈ ఉత్తరం.

ఆ కారు 1933 నాటి విల్లిస్ కూపే. రెండే తలుపులు, గుండ్రటి వీపు. ఈ రాష్ట్రంలోనే టొలీడో ఊళ్లో విల్లిస్-ఓవర్‌లాండ్ కంపెనీ చవకగా అమ్మిన బండి. అప్పట్లో దాని నాలుగు సిలిండర్ల ఇంజిను బలం 48 హార్స్‌పవర్. తర్వాత ఆ ఇంజిన్నే మెరుగుపరిచి, 60కి పెంచి, యుద్ధకాలపు జీపుల్లో పెట్టారు. మన దేశంలో మహీంద్రా వాళ్లు మొదట బిగించిన జీపులు ఆ విల్లిస్‌వే. నేను పని నేర్చుకున్నది అలాంటి జీపు కింద గోనెపట్టా పరుచుకుని పడుకునే. అందుకే పాత చుట్టాన్ని పలకరించబోయినట్టు బానెట్ వైపు వెళ్లాను. చుట్టం లేడు! ఆ చోట ఎనిమిది సిలిండర్ల షెవ్రొలే ఇంజిను కూర్చుని ఉంది.

ఇలాంటి బండిని 'గ్యాసర్' అంటారు. వంటగ్యాసు కాదు సుమా, అమెరికా వాళ్లు పెట్రోలును గ్యాస్ అంటారు. వీధుల్లో పందేలు మాన్పించి, పద్ధతిగా ట్రాకు మీద జరిపించాలని 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టాడు. దాని తరగతుల్లో ఒకదానికి నియమం ఏమిటంటే, నైట్రోమీథేన్ వంటి ఘాటు ఇంధనాలు వాడకూడదు, పెట్రోలే పోయాలి. పందెం దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడి ఒకేసారి దూకుతాయి. 1960ల నడుమకు వచ్చేసరికి మేటి గ్యాసర్లు పది సెకన్ల లోపే అవతలి గీత దాటేవి.

ఇక ముక్కు సంగతి. బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు ఒక్కసారిగా ముందుకు దూకిస్తే మీరు వెనక్కి తూలుతారు కదా? బండి బరువూ అలాగే వెనక్కి ఒరుగుతుంది. తోసేవి వెనక చక్రాలే కాబట్టి, వాటి మీద ఎంత బరువు పడితే నేలను అంత గట్టిగా పట్టుకుంటాయి, లేకపోతే ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ పుట్టిస్తాయి. బండి ఎంత ఎత్తుగా ఉంటే, ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంత తక్కువైతే ఆ ఒరుగుడు అంత ఎక్కువ. విల్లిస్‌లో ఆ దూరం 100 అంగుళాలే, పైగా తేలిక బండి. అందుకే పందెగాళ్లు దాని కోసం పాత ఇనుప కొట్లన్నీ గాలించారు. ముందు కమాను పట్టీల మీద అడ్డ యాక్సిల్ బిగించి ముక్కు పైకి లేపారు. టైర్లు మెరుగయ్యాక ఇంత ఎత్తు అక్కరలేదని తేలింది, బళ్లు మళ్లీ కిందికి దిగాయి. నాకైతే ఈ గర్విష్ఠి వాలకమే నచ్చింది.

వెనక టైరు మీద గాట్లు లేవు, నున్నటి రబ్బరు. యజమానిని అడిగి బొటనవేలితో నొక్కాను, గోరు గుర్తు పడింది.

బానెట్ చీల్చుకుని పైకి లేచిన ఆ పెట్టె ఏమిటని మీ రెండో ప్రశ్న. అది గాలి పంపు. నిజానికి బస్సులకూ లారీలకూ వాడిన జీఎంసీ 6-71 డీజిల్ ఇంజిను భాగం. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాలు, అందుకే ఆ పేరు. టూ-స్ట్రోక్ డీజిలు తనంతట తాను గాలి పీల్చుకోలేదు, కాబట్టి పంపు తప్పనిసరి. పందెగాళ్లు దాన్ని ఊడదీసి పెట్రోలు ఇంజిను నెత్తిన పెట్టారు. ఎక్కువ గాలి దూరితే ఎక్కువ పెట్రోలు మండుతుంది, బలం పెరుగుతుంది. అరచేయంత వెడల్పు పళ్ల బెల్టు దాన్ని తిప్పుతుంది. డీజిల్ మెకానిక్కునై ఉండి ఈ ఆలోచన నాకెందుకు రాలేదో!

డేటన్ ఊరివాడు 'ఒహాయో జార్జ్' మాంట్‌గోమరీ ఇలాంటి 1933 విల్లిస్‌తోనే ఈ పందేల్లో పేరు తెచ్చుకున్నాడు. కాలిఫోర్నియాలో స్టోన్, వుడ్స్, కుక్ జట్టుకూ 'బిగ్ జాన్' మజ్మేనియన్‌కూ నడిచిన పోటీ కోడిపందెం లాంటిదే. క్యామ్‌షాఫ్టులు, అంటే ఇంజిను వాల్వులను తెరిపించే ఇరుసులు, అమ్మే కంపెనీలు వాళ్ల గెలుపు ఓటములను పత్రికల్లో ప్రకటనలుగా వేసి ఒకరినొకరు దెప్పుకునేవి.

యజమాని నాకంటే పెద్దవాడు. జీపుల కథ పెదనాన్న చేత విని, నన్ను లోపల కూర్చోబెట్టాడు. ఎదురుగా రోడ్డు కనిపించలేదు, ఆ గాలి పంపే కనిపించింది. ఇలా ఎలా తోలేవారని అడిగించాను.

"తిన్నగా పోవడమే కదా, పక్కనున్న గీత చూసుకుంటే సరి" అన్నాడు.

మీ తాతయ్య