ఓనరు రిపేర్లు పెట్టుకుంటే అద్దెకున్నవాళ్ల సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉగాది దాటిందంటే సుత్తుల మోత మొదలవుతుంది. వానలు పడేలోపు స్లాబు లీకేజీ ఆపాలి. పరీక్షలై పిల్లలు ఊళ్లకు వెళ్లగానే హాస్టల్ బాత్రూములు పగలగొట్టి టైల్స్ మార్చాలి. జూన్‌లో కొత్తవాళ్లు దిగేసరికి రెండు గదుల పోర్షన్‌ను మూడు గదులు చేయాలి. ఎండాకాలంలో అద్దె తగాదాలతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో కూకట్‌పల్లి, అమీర్‌పేట, మాదాపూర్ వైపు ఫ్లాట్ పంచుకుని ఉండే ఉద్యోగస్తులు, విద్యార్థులు ఎక్కువ. అసలు సమస్య కన్నా ఎవరో చెప్పగా విన్న మాటలతో పెంచుకున్న టెన్షనే వీళ్లలో పెద్దది. సివిల్ కోర్టులో ఇలాంటి కేసులు చూసే లాయరుగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇల్లు ఓనరుది. రిపేరు అన్నాక ఖాళీ చేయాల్సిందే.

రిపేరు చేసుకునే హక్కు ఆయనకుంది. అంతమాత్రాన మీ అద్దె ఒప్పందం రద్దయిపోదు. ఇల్లు ఆయన పేరు మీద ఉన్నా, అద్దెకిచ్చినన్నాళ్లు స్వాధీనం మీది. ఆ స్వాధీనానికి చట్టం విడిగా రక్షణ ఇస్తుంది.

ఏ చట్టం అన్నదగ్గరే చాలామంది తికమక పడతారు. మనకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం, ఖాళీ చేస్తే తప్ప జరగని రిపేరు అని ఓనరు రెంట్ కంట్రోలర్‌ను, అంటే ఈ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారిని ఒప్పించాలి. పని అయ్యాక ఇల్లు మళ్లీ మీకే ఇస్తానని హామీ కూడా రాసివ్వాలి. వినడానికి బాగుంది కదా? కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు, కట్టి 15 ఏళ్లు నిండని భవనాలు ఈ చట్టం కిందకు రావు. ఇవాళ మాదాపూర్‌లో 3,500కి మంచం కూడా దొరకదు. పాతబస్తీలో, సికింద్రాబాద్ పాత వాడల్లో తరాలుగా కొద్దిపాటి అద్దెకు ఉంటున్నవాళ్లకే ఇది అక్కరకొస్తోంది.

మిగతా అందరికీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. నెలవారీ అద్దె అయితే ఖాళీ చేయించడానికి కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్ గడువు ఇంకా నడుస్తుంటే, మధ్యలో ఖాళీ చేయించే షరతు అందులో ఉందో లేదో చూడాలి. నోటీసు గడువు దాటినా మీరు కదల్లేదనుకోండి, ఆయన దావా వేయాలి. సామాను మెట్ల మీద పెట్టించడం, మీరు ఆఫీసుకు వెళ్లినప్పుడు తాళం మార్చడం కుదరదు. అలా చేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, మిమ్మల్ని చట్టప్రకారం పంపారా లేదా అన్నదొక్కటే చూస్తారు.

అలాగని నోటీసు అందాక మొండికేయమని నేను ఎవరికీ చెప్పను. దావా ఏళ్లు నడుస్తుంది, మీకు కావాల్సింది ఈ నెల తల దాచుకునే చోటు. కొత్త ఇల్లు వెతుక్కోవడానికి ఇంకో నెల గడువు, అడ్వాన్సు మొత్తం వాపసు, వీలైతే షిఫ్టింగ్ ఖర్చు అడగండి. రిపేరు తొందరలో ఉన్న ఓనరు బేరానికి వస్తాడు.

అపోహ: అగ్రిమెంట్ రిజిస్టర్ చేయలేదు, కాబట్టి మనకు హక్కుల్లేవు.

1999 సవరణ తర్వాత మన దగ్గర ఏడాది దాటని అద్దె ఒప్పందానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరే, కానీ అది చేయించనంత మాత్రాన అద్దెదారుగా మీ హక్కులు పోవు. 11 నెలలకు రాసుకున్నా ఇదే వర్తిస్తుంది. అసలు కాగితమే లేకపోయినా, నెలనెలా అద్దె తీసుకుంటున్నట్టు ఫోన్‌పే, గూగుల్ పే చరిత్ర చూపిస్తే మీరు అద్దెదారే. నగదు ఇచ్చేవాళ్లు మాత్రం ఈ నెల నుంచే ఆ అలవాటు మానుకోండి.

అపోహ: పని నడిచినన్నాళ్లు అద్దె కట్టక్కర్లేదు.

గెలవాల్సిన కేసును చేజేతులా పాడుచేసేది ఇదే. దుమ్ము, మోత, నీళ్ల ఇబ్బంది అన్నీ నిజమే. కానీ అద్దె ఆపిన మరుక్షణం ‘బాకీ పడ్డవాళ్లు’ అన్న ముద్ర మీ మీద పడుతుంది. ఆ తర్వాత రిపేరు సంగతి ఎవరూ మాట్లాడరు.

1966లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు ఉంది, స్టీఫెన్ కోర్ట్ లిమిటెడ్ అనే కంపెనీది. మూడు పడకగదుల ఫ్లాట్ అద్దెకిచ్చి, అందులో ఒక గదిని ఓనరు అప్పగించలేదు. అద్దె మొత్తం ఎగ్గొట్టడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఇంట్లో ఉంటూ ఏమీ కట్టననడం న్యాయం కాదంది. గది తక్కువైనందుకు ఆ మేరకు అద్దె మాత్రం తగ్గించింది. మనం అడగాల్సిందీ ఈ లెక్కే. మూడు గదుల ఫ్లాట్‌కు 27,000 అద్దె, గచ్చు మార్చడానికి ఒక గది ఇరవై రోజులు మూసేశారు అనుకుందాం. గదికి నెలకు 9,000 పడుతుంది, ఇరవై రోజులకు 6,000. పని మొదలయ్యే ముందే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: “అంకుల్, 5వ తారీఖు నుంచి మూలగది మూసి పని చేయిస్తామన్నారు కదా. అది వాడలేము కాబట్టి ఈ నెల అద్దెలో 6,000 తగ్గించి 21,000 పంపుతాం. పని ఎక్కువ రోజులు పడితే ఆ లెక్కన చూసుకుందాం. సరేనా?” ఆయన ‘ఓకే’ అన్నా, బొటనవేలు బొమ్మ పెట్టినా మీ దగ్గర రుజువు ఉన్నట్టే. ఒప్పుకోకపోతే అద్దె పూర్తిగా కట్టి, అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నామని రాసి పెట్టండి. తర్వాత అడగడానికి దారి ఉంటుంది.

అపోహ: రూమ్మేట్లలో ఒకరు ఒప్పుకుంటే మిగతావాళ్లకు సంబంధం లేదు.

సంబంధం ఉంది. అగ్రిమెంట్‌లో నలుగురి పేర్లూ ఉంటే మీరు ఉమ్మడి అద్దెదారులు. ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ ఇచ్చినట్టేనని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఒక్కరి పేరు మీదే ఉంటే మిగతావాళ్ల పరిస్థితి ఇంకా పల్చన, వాళ్ల హక్కు ఆ ఒక్కరి మీద ఆధారపడి ఉంటుంది. ఓనర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందరిలోకీ మెతకగా ఉండే కుర్రాడిని కింద సెల్లార్‌లో పట్టుకుని “నెలాఖరుకు ఖాళీ చేస్తాంలే అంకుల్” అనిపిస్తారు. కాబట్టి రిపేరు సంగతులన్నీ ఓనరును కూడా చేర్చుకున్న ఒక్క గ్రూపులోనే నడపండి.

అపోహ: నీళ్లు, కరెంటు ఆపడం ఓనరు ఇష్టం.

పైపులు మార్చడానికి పూట నీళ్లు ఆపడం వేరు, మిమ్మల్ని సాగనంపడానికి సంపు మోటారు ఫ్యూజు పీకడం వేరు. అద్దెకున్నవాళ్లు ఆటంకం లేకుండా ఇల్లు అనుభవించాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనే చెబుతోంది. 1960 అద్దె నియంత్రణ చట్టం కిందకు వచ్చే ఇళ్లకైతే సౌకర్యాలు ఆపకూడదని దాని 14వ సెక్షన్‌లో నేరుగా ఉంది. ఆపేసిన రోజు తారీఖుతో వీడియో తీసుకోండి, మెసేజ్ పెట్టండి. అప్పటికీ వినకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చేయొద్దన్న ఉత్తర్వు అడగొచ్చు. పోలీసులు ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపేయొచ్చు, అయినా పిటిషన్ ఇచ్చి రసీదు తీసుకోండి. కోర్టులో ఆ కాగితం పనికొస్తుంది.

మోత విషయం చిన్నదే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పగలు కటింగ్ మిషన్ మోత భరించాల్సిందే, వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న కారణం చెల్లదు.

అపోహ: 24 గంటల ముందు చెప్పకుండా మేస్త్రీ లోపలికి రాకూడదు, అడ్వాన్సు రెండు నెలలు దాటకూడదు.

ఈ ఫార్వర్డ్ ఏటా తిరుగుతూనే ఉంటుంది. ఆ మాటలు కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోవి. పేరులోనే ఉంది, అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. మనకు ఇప్పటికీ పైన చెప్పిన పాత చట్టాలే దిక్కు. వాటి ప్రకారం ఓనరు సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు చూసుకోవచ్చు. అమ్మాయిలు ఉండే ఫ్లాట్‌లోకి మారుతాళంతో కూలీలను పంపడం సమంజసం అనిపించుకోదు. ఆ 24 గంటల మాట మీకు నచ్చితే అగ్రిమెంట్‌లో రాయించుకోండి. లీకేజీ, మోటారు, ప్లంబింగ్ ఖర్చు ఓనరుదే అన్న వాక్యం కూడా చేర్చండి. రిపేరు బాధ్యత ఓనరుదని అగ్రిమెంట్‌లో ఉండి, మీరు రాసి అడిగినా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి అద్దెలో పట్టుకోవడానికి 108వ సెక్షన్ ఒప్పుకుంటుంది. బాధ్యత ఎవరిదో రాసుకోకుండా ప్లంబర్‌ను పిలిస్తే బిల్లు మీ నెత్తినే పడొచ్చు.

అపోహ: పీజీలో ఉన్నా, ఫ్లాట్‌లో ఉన్నా హక్కులు ఒకటే.

ఒకటి కాదు, ఇది నాకూ నచ్చని వాస్తవం. త్రీ షేరింగ్ గదిలో మంచానికి డబ్బు కట్టేవాళ్లను కోర్టులు మామూలుగా అద్దెదారులుగా చూడవు. ఆ గది మీద మీకంటూ ప్రత్యేక స్వాధీనం లేదు కాబట్టి మీది అనుమతి మాత్రమే, ఇంగ్లీషులో లైసెన్స్ అంటారు. దాన్ని రద్దు చేసినా, వెళ్లడానికి, సామాను తీసుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలని ఈజ్‌మెంట్స్ చట్టం 63వ సెక్షన్ చెబుతోంది. ‘రేపు పొద్దున మేస్త్రీలు వస్తున్నారు, ఈ రాత్రికే సర్దుకోండి’ అనడం కుదరదు.

డబ్బు విషయంలో మాత్రం పీజీవాళ్లకు ఒక దారి ఉంది. మీరు కొన్నది సేవ, అంటే మీరు వినియోగదారులు. నెలంతటికీ డబ్బు తీసుకుని సగం నెలకే గది మూసేసినా, రిపేర్ల సాకుతో అడ్వాన్సు తిప్పి ఇవ్వకపోయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరు కూడా తప్పనిసరి కాదు. కావాలనుకుంటే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. వెళ్లేటప్పుడు డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, గది ఫొటోలు ప్రింటు తీసి పట్టుకెళ్లండి.